వాలెన్సియాలో అమ్మానాన్నలు, పిల్లలతో పాయెయా భోజనం: ముందురోజే తేల్చుకోవాల్సిన సంగతులు

సెప్టెంబరులో మ్యూనిక్ నుంచి స్పెయిన్‌లోని వాలెన్సియా వస్తున్నామని, భీమవరం నుంచి అమ్మానాన్నలు కూడా ఉంటారని, ఒక చిన్న రెస్టారెంట్‌లో ఇంటిల్లిపాదీ కూర్చుని పాయెయా, అంటే వెడల్పాటి పెనంలో వండే ఇక్కడి అన్నం వంటకం, తినాలన్నది మీ కోరిక అని రాశారు. మీ ఆవిడ శాకాహారి. అమ్మగారు శనివారం మాంసం ముట్టరు, కుందేలైతే ఏ రోజూ వద్దు. నాన్నగారికి షుగర్. పిల్లలకి తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. దీనికి తోడు మీ స్నేహితుడొకరు స్పెయిన్‌లో ఎక్కడో తిని, "అన్నం ఉడకలేదు, ఉప్పు కషాయం, డబ్బు దండగ" అన్నారట. ఇంతకీ వెళ్లాలా వద్దా, వెళ్తే ఏం చెప్పాలి అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. నేను వాలెన్సియాలో చాలా ఏళ్లుగా ఒక చిన్న అర్రోసెరియాలో, అంటే అన్నం వంటకాలే ప్రధానంగా చేసే రెస్టారెంట్‌లో, వంట చేస్తున్నాను. మీలాంటి కుటుంబాలు తృప్తిగా తిని వెళ్లడమూ చూశాను, ముఖాలు మాడ్చుకుని లేచిపోవడమూ చూశాను. తేడా వచ్చేది రెస్టారెంట్ పేరు దగ్గర కాదు, ముందురోజు చేసే ఫోను దగ్గర.

ఎందుకంటే పాయెయాని ఇక్కడ ప్లేటు లెక్కన వండరు, బల్ల లెక్కన వండుతారు. మీ బల్లకోసం ఒక వెడల్పాటి పెనం పొయ్యెక్కుతుంది. అందులో ఏం పడాలో, ఏం పడకూడదో పొయ్యి వెలిగించకముందే తేలిపోవాలి. కోడిమాంసం నూనెలో వేగడం మొదలయ్యాక "ఒకరికి మాంసం లేకుండా" అని అడిగితే వంటవాడు ఎంత మంచివాడైనా చేయగలిగింది ఏమీ లేదు. మీ ఇంట్లో ఎవరు ఏం తింటారో విని, ఒప్పుకుని, తిరిగి మిమ్మల్నే రెండు ప్రశ్నలు అడిగే చోటు దొరికితే ఇక అక్కడే బల్ల చెప్పేయండి.

మీ స్నేహితుడి మాటలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. అన్నం ఉడకలేదనడం ఒకటి. ఇక్కడి బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. వాలెన్సియా బియ్యం అని ముద్ర వేసుకుని అమ్మే రకాల్లో పేరున్నవి బోంబా, సేనియా, అల్బుఫేరా. బోంబా చాలా నీళ్లు పీల్చుకుంటుంది, అయినా గింజ పగలదు. వంటవాడు ఒక నిమిషం ఏమరినా నిలబడుతుంది, ధర మాత్రం ఎక్కువ. సేనియా రసం రుచిని ఇంకా బాగా పట్టుకుంటుంది, కానీ సమయం కాస్త దాటితే మెత్తబడిపోతుంది. చేయి తిరిగినవాళ్లలో సేనియానే ఇష్టపడేవాళ్లు చాలామంది, నాకూ అదే ఇష్టం. ఏ రకమైనా మన సోనామసూరి అన్నంలా మెత్తగా మాత్రం ఉండదు. మెతుకు మెతుకుకీ పట్టు ఉండి, పంటికి కాస్త తగలాలి. అలాగని గింజ మధ్యలో తెల్లటి పలుకు ఉండకూడదు. పలుకుంటే అది నిజంగానే ఉడకనిది, మొహమాటపడకుండా వెనక్కి పంపండి. అమ్మగారికి ఈ సంగతి బల్ల దగ్గర కూర్చోకముందే చెప్పి ఉంచండి. మెత్తటి అన్నం కోసం ఎదురుచూసేవారికి మొదటి ముద్ద కొత్తగా ఉంటుంది, నాలుగో ముద్దకి అలవాటవుతుంది.

ఉప్పు కషాయం అనడం వేరే సంగతి. పర్యాటకులు తిరిగే వీధుల్లో ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టి వచ్చిన పాయెయాని వేడిచేసి పెట్టేసే చోట్లు బోలెడు. అవి గుర్తుపట్టడం కష్టం కాదు. బయట నిలబెట్టిన బోర్డు మీద అచ్చు వేసిన పది రకాల పాయెయా ఫొటోలుంటాయి, పక్క హోటల్ ముందూ అవే ఫొటోలు కనిపిస్తాయి. ఒక్కరికైనా ఇస్తామంటారు, చెప్పిన పది పదిహేను నిమిషాల్లో తెచ్చిపెడతారు. అన్నం రెండంగుళాల మందాన కుప్పగా, అంతా ఒకే పసుపులో మెరుస్తూ వస్తుంది. రంగు ఒక్కటే చూసి మాత్రం తీర్పు చెప్పకండి. కుంకుమపువ్వు ఖరీదు కాబట్టి ఇక్కడి ఇళ్లలో కూడా రంగుపొడి వేయడం మామూలే. అన్నం మందం చూడండి, అది అబద్ధం చెప్పదు. మంచి పాయెయాలో అన్నం వేలి మందం కూడా ఉండదు. ఎంత పలచగా పరుచుకుంటే ప్రతి మెతుకూ అంత దగ్గరగా పెనానికి తగులుతుంది. ఆరుగురికి పెనం అర మీటరు వెడల్పు పైనే ఉండేది అందుకే.

ఇక ఏ పాయెయా చెప్పాలి? వాలెన్సియా పాయెయా అని ఇక్కడివాళ్లు పట్టుబట్టేదానిలో పది దినుసులుంటాయి: బియ్యం, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, కుంకుమపువ్వు, టమాటా, కోడి, కుందేలు, ఫెర్రౌరా అనే వెడల్పాటి పచ్చి చిక్కుడు, గర్రోఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజ. కాలాన్నిబట్టి, ఊరినిబట్టి నత్తలు, బాతు, ఆర్టిచోక్ అనే మొగ్గలాంటి కూరగాయ, రోజ్‌మేరీ రెమ్మ చేరతాయి. కొన్ని ఊళ్లలో పంది పక్కటెముకలు కూడా వేస్తారు. ఉల్లిపాయ పడదు, అన్నం మెత్తబడుతుందని. ఇది పొలం పని చేసేవాళ్లు మధ్యాహ్నం గట్టు మీద, చేతికి అందినవాటితో, ఎండుకట్టెల మంట మీద వండుకున్న తిండి. అందుకే రొయ్యలు లేవు, కోడీ కుందేలూ చిక్కుళ్లూ ఉన్నాయి. 2021లో వాలెన్సియా ప్రాంతీయ ప్రభుత్వం దీన్ని తమ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. 2016లో బ్రిటిష్ వంటవాడు జేమీ ఆలివర్ చోరీసో సాసేజ్ వేసి పాయెయా అని పెడితే స్పెయిన్ అంతా సోషల్ మీడియాలో మీద పడిపోయింది. బయటివాళ్లకి అతిగా అనిపించవచ్చు. ఆదివారం తాతయ్య ఇంట్లో ఆ పెనం చుట్టూ కూర్చుని పెరిగినవాళ్లకి అది ఇంటి పేరు మీద మాట పడినట్టే.

అయినా మీకు నేను చెప్పేది ఈ పది దినుసులది కాదు. ముందే చెబితే కుందేలు, నత్తలు లేకుండా కోడితోనే చాలాచోట్ల వండుతారు, అదీ బాగుంటుంది. కానీ భీమవరం నుంచి వచ్చినవాళ్లకి రొయ్య, చేప ఇష్టం ఉండకపోదు కదా. అందుకే "అర్రోస్ దెల్ సెన్యొరెత్" చెప్పండి. అదే పెనంలో, అదే పద్ధతిలో వండే సముద్రపు అన్నం. రొయ్యల పొట్టు తీసేసి, చేపముక్కల్లో ముల్లు లేకుండా, కట్ల్‌ఫిష్ చిన్న ముక్కలు చేసి వేస్తారు. పిల్లలు తినడం తేలిక, పెద్దవాళ్లు చేతులు పాడుచేసుకోనక్కర్లేదు. రుచంతా రసంలో ఉంటుంది. చేప తలలు, ముళ్లు, చిన్న పీతలు, రొయ్యల తలలు వేసి మరిగించి వడకట్టిన రసంతోనే అన్నం ఉడుకుతుంది. ఆ రసం ముందురోజు మిగిలిందో, పొడి కలిపిందో అయితే ఒక్క ముద్దలో తెలిసిపోతుంది. బతికున్న లాబ్‌స్టర్‌తో చేసే జావలాంటి అన్నం వైపు మాత్రం వెళ్లకండి. బిల్లు పెరుగుతుంది, అది వేరే వంటకం కూడా. కోడీ రొయ్యా కలిపిన "మిక్స్తా"ని ఇక్కడివాళ్లు పెద్దగా పట్టించుకోరు, నేను కూడా చెప్పను. మాంసం రసమా, చేప రసమా తేలని రుచి అది.

మీ ఆవిడకోసం వేరే పెనం కావాలి. ఇక్కడే జాగ్రత్త. చాలా రెస్టారెంట్లలో అన్నం వంటకాలు కనీసం ఇద్దరికి చెబితేనే వండుతారు. కాబట్టి కూరగాయల పాయెయా, "పాయెయా దె వెర్దూరాస్", ఇద్దరికి చెప్పి చిన్న పాపనో బాబునో ఆవిడ పక్కన కూర్చోబెట్టండి. పిల్లలకి ఇద్దరికీ కలిపి ఒక పెద్దమనిషి వంతు చాలు. అంటే సెన్యొరెత్ ముగ్గురికి, కూరగాయలది ఇద్దరికి. మనిషికి నూరు గ్రాముల బియ్యం లెక్కన వండుతారు, అది మనవాళ్లకి తక్కువేం కాదు. ఆరుగురికని చెబితే మిగిలిపోతుంది.

కూరగాయలది అన్నంతమాత్రాన శాకాహారం అనుకోవద్దు. పైన కూరగాయలే ఉన్నా కింద రసం కోడిది కావచ్చు, చేపది కావచ్చు. ఇక్కడ చాలామందికి మాంసం ముక్క కనబడకపోతే చాలు, అది శాకాహారమే. ఎవరికీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉండదు, ఆలోచన అలా ఉంటుందంతే. అందుకని "కోన్ కాల్దో దె వెర్దూరాస్", కూరగాయల రసంతో, అని నొక్కి చెప్పాలి. తర్వాత "సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ ఖమోన్", మాంసం, చేప, పంది హామ్ మూడూ వద్దని విడివిడిగా చెప్పండి. ఖమోన్‌ని కొందరు మాంసం కిందే లెక్కవేయరు. పక్కన తెప్పించుకునేవాటిలో కూడా ఇదే గొడవ. సలాడ్ అడిగితే పైన ట్యూనా చేప పొడి పొడిగా వేసి వస్తుంది. ఎస్‌గర్రాయెత్ అని కాల్చిన ఎర్ర క్యాప్సికమ్ ముక్కలు తెస్తారు, చూడ్డానికి కూరగాయే, లోపల ఉప్పు కాడ్ చేప పీలికలుంటాయి. తితాయినా అనే టమాటా, క్యాప్సికమ్ వేపుడులోనూ ట్యూనా పడుతుంది. బంగాళాదుంపల తోర్తియ్యా అనే అట్టులో గుడ్డు, అలియోలి అనే వెల్లుల్లి ముద్దలో ఎక్కువచోట్ల గుడ్డు. మీ ఆవిడ గుడ్డు కూడా తినరనుకుంటే, కాల్చిన రొట్టె మీద టమాటా, ఆలివ్ నూనె, వేయించిన చిన్న పచ్చి మిరపకాయలు, ట్యూనా లేని సలాడ్, ఇవి తెప్పించండి. సెప్టెంబరులో ఆర్టిచోక్ కాలం కాదు. చిక్కుళ్లు, క్యాప్సికమ్, వంకాయ, పుట్టగొడుగుల వంటివి పడతాయి. బాగా వేయించి, సమయం ఇచ్చి వండితే ఆ పెనం మాంసం పెనానికి ఏమాత్రం తీసిపోదు. వంటవాడి పనితనం నిజంగా కనిపించేది దానిలోనే, దాచుకోడానికి మాంసం ఉండదు కాబట్టి.

అమ్మగారి రోజుల సంగతి. శనివారం వదిలేయండి. సోమవారం చాలా చిన్న రెస్టారెంట్లకి సెలవు. ఆదివారం అసలైన రోజు, ఊళ్లోవాళ్లు తాతయ్యల నుంచి మనవల దాకా బల్లలు కలిపి కూర్చుంటారు, ఆ సందడి చూడదగ్గది. కానీ వారం పదిరోజుల ముందే బల్ల చెప్పుకోవాలి, ఆ రోజు వంటింట్లో ప్రత్యేక కోరికలు వినే తీరిక తక్కువ. మీ అవసరాలతో అయితే గురువారమో శుక్రవారమో మధ్యాహ్నం మేలని నా అభిప్రాయం. గురువారం స్పెయిన్‌లో చాలాచోట్ల మెనూ దెల్ దియాలో, అంటే ఆ పూట కట్టుధర భోజనంలో, పాయెయా పెడతారు. అది పెద్ద పెనంలో ముందే వండి ప్లేట్లలో వడ్డించేది. చవక, చెడ్డదేం కాదు, కానీ మీరు కోరుకున్నది అది కాదు. ఇంకొకటి, కొన్నేళ్లు వినాయక చవితి సెప్టెంబరులోనే పడుతుంది, మహాలయ పక్షాలు కూడా ఆ రోజుల చుట్టుపక్కలే. అమ్మగారికి అవి పట్టింపు ఉంటే టికెట్లు కొనకముందే క్యాలెండర్ చూసుకోండి.

ఫోన్ మధ్యాహ్నం పన్నెండున్నర లోపే చేయండి, రెండు గంటలకి చేస్తే ఎవరికీ తీరదు. ఇంగ్లిష్ రాని చోట ఈ ముక్కలు సరిపోతాయి: "కిసియేరా రెసెర్వార్ పారా సెయిస్ పెర్సోనాస్, ఎల్ వియెర్నెస్, ఆ లా ఉనా ఈ మేదియా." శుక్రవారం ఒంటిగంటన్నరకి ఆరుగురికి బల్ల కావాలని. ఆ వెంటనే "ఉన్ అర్రోస్ దెల్ సెన్యొరెత్ పారా త్రెస్, ఈ ఉనా పాయెయా దె వెర్దూరాస్ పారా దోస్" అని, పైన చెప్పిన రసం మాట, వద్దన్న వాటి జాబితా చెప్పండి. పసివాడికి ఎత్తు కుర్చీ కావాలంటే "ఉనా త్రోనా". ఎవరికైనా రొయ్య, వేరుశనగ లాంటివి పడకపోతే అదీ ఇప్పుడే చెప్పండి. యూరప్ నిబంధనల ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అడిగితే ఇవ్వడం వాళ్ల బాధ్యత. అవతలివాళ్లు "ఏ అన్నం? ఎన్ని గంటలకి వస్తారు?" అని అడిగి రాసుకుంటున్నారంటే మీరు సరైన చోటికే ఫోన్ చేశారు. "రండి రండి, అన్నీ ఉన్నాయి" అని పెట్టేస్తే ఇంకో నంబరు చూసుకోండి.

నాన్నగారి షుగర్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, చాలామందికి రెండున్నరకి. వంటిళ్లు ఒంటిగంట తర్వాతే తెరుచుకుంటాయి, నాలుగింటికల్లా మూస్తారు, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికే. రాత్రిపూట పాయెయా ఇక్కడివాళ్లు తినరు, బరువని. మీరు ఒంటిగంటన్నరకి వెళ్లినా అన్నం బల్ల మీదికి వచ్చేసరికి రెండు దాటొచ్చు. ఆకలికి ఆగలేని మనిషి ఉంటే వాలెన్సియావాళ్ల అలవాటే మీరూ చేయండి. పదిన్నర ప్రాంతంలో ఏ బార్‌లోనైనా ఎస్మోర్సారెత్ దొరుకుతుంది. రొట్టెలో ఆమ్లెట్ పెట్టి, పక్కన ఆలివ్‌లు, వేరుశనగలు, ఆఖర్న కాఫీ. మందు వేళలు డాక్టరు చెప్పినట్టే పెట్టుకుని దీనికి తగ్గట్టు రోజు సర్దుకోండి. ఇది తెల్లన్నం అని కూడా మర్చిపోవద్దు. సలాడ్‌తో మొదలుపెట్టి అన్నం తక్కువ వడ్డించుకోమనండి.

బల్ల దగ్గర ఆ అరగంట, ముప్పావుగంట ఎందుకు పడుతుందో పిల్లలకి చెబితే ఓపిక పడతారు. చిన్న రెస్టారెంట్‌లో అడిగితే వంటింటి గుమ్మం దాకా రానిస్తారు కూడా, ముఖ్యంగా కట్టెల పొయ్యి ఉన్నచోట. కోడి పాయెయా అయితే ఇలా సాగుతుంది. పెనం చదునుగా ఉందా లేదా అని ముందు నూనె పోసి చూస్తాం, నూనె ఒక పక్కకి జారితే అన్నం కూడా ఒక పక్కే ఉడుకుతుంది. నూనెలో చిటికెడు ఉప్పు, చిట్లకుండా. మాంసం ముక్కలు నిదానంగా, అన్ని వైపులా ముదురు రంగు వచ్చేదాకా వేగాలి. దీన్లో తొందరపడితే ఆ తర్వాత ఏం చేసినా రుచి రాదు. ముక్కల్ని అంచుకి నెట్టి మధ్యలో చిక్కుళ్లు, తర్వాత తురిమిన టమాటా, అది దగ్గరపడ్డాక పిమెంతోన్ అనే ఎర్ర పొడి. అది పడిన క్షణాల్లోనే నీళ్లు పోయాలి, ఆలస్యమైతే పొడి మాడి చేదెక్కుతుంది. నీళ్లు పెనం పిడుల మేకుల దాకా. ఒక ఇరవై ముప్పై నిమిషాలు మరిగి, అదే రసమవుతుంది. అప్పుడు ఉప్పు చూస్తాం, కాస్త ఎక్కువే అనిపించాలి, బియ్యం పడ్డాక సరిపోతుంది. బియ్యం కడగం. పెనం అడ్డంగా ఒక గట్టులా పోసి, గరిటెతో అంతటా సమంగా సర్ది, ఇక గరిటె పక్కన పెట్టేస్తాం. ఆ తర్వాత కలపడం అనేది లేదు. మన వంటింటి అలవాటుకి ఇది చాలా కష్టం, చేయి దురద పెడుతుంది. మొదటి ఎనిమిది పది నిమిషాలు పెద్ద మంట, తర్వాత తగ్గిస్తూ మొత్తం పద్దెనిమిది నిమిషాల చుట్టుపక్కల.

చివరి నిమిషం చెవులతో వండాలి. రసం బుడబుడ ఆగిపోయి, పెనం అడుగు నుంచి చిటపట మొదలవుతుంది. నూనె అడుగున చేరి మెతుకుల్ని వేయించడం అది. ముక్కు దగ్గర పెట్టి చూస్తే వేగిన వాసన రావాలి, ఇంకొక్క క్షణం ఆగితే మాడు వాసన. ఆ రెండింటి మధ్యలో దించేయాలి. అలా అడుగున ఏర్పడే బంగారు గోధుమరంగు పొరని సొకర్రాత్ అంటారు. పాలు కాచిన దాక అడుగున గీకి పిల్లల చేతిలో పెట్టే గోకుడు కోసం మనిళ్లలో ఎలా కొట్టుకునేవాళ్లమో, ఈ పొర కోసం ఇక్కడ పెద్దవాళ్లే అలా పోటీపడతారు. నల్లగా, చేదుగా ఉంటే అది సొకర్రాత్ కాదు, మాడడమే. దించాక అయిదు నిమిషాలు ఆగి వడ్డిస్తారు.

పెనం తెచ్చి ముందు అందరికీ చూపిస్తారు. తర్వాత ప్లేట్లలో పెట్టాలా, పెనంలోంచే తింటారా అని అడుగుతారు. ఇక్కడి ఇళ్లలో, పల్లెల్లో పెనం మధ్యలో పెట్టుకుని చెక్క చెంచాలతో, ఎవరికి వాళ్లు తమ ముందున్న భాగం అంచు నుంచి మధ్యకి తింటూ పోతారు. పక్కవాళ్ల వైపు చెంచా పోదు. తనకి వద్దనుకున్న ముక్కని మధ్యలోకి జరుపుతారు, కావాల్సినవాళ్లు తీసుకుంటారు. పిల్లలకి ఇది సరదా. కానీ మన పెద్దవాళ్లకి ఎంగిలి పట్టింపు ఉంటుంది. అమ్మగారు పైకి అనకపోయినా సరిగ్గా తినలేకపోవచ్చు. "ఎన్ ప్లాతోస్, పోర్ ఫావోర్" అనండి, వడ్డిస్తారు, ఎవరూ తప్పుగా అనుకోరు. మీ ఆవిడ పెనం చెంచా వేరేగా ఉంచమని కూడా అప్పుడే చెప్పండి. వడ్డించే మనిషి అడుగు గీకడం మర్చిపోతే "ఎల్ సొకర్రాత్" అని గుర్తుచేయండి, ఆ మాట విని సంతోషించని వాలెన్సియా మనిషిని నేను చూడలేదు.

కారం ఉండదు. ఆ ఎర్ర పొడి రంగుకి, కాస్త తీపి రుచికి పడేదే. సంచిలో ఆవకాయ ఉన్నా మొదటి నాలుగు ముద్దలు అన్నాన్ని అన్నంగానే తినమని అందరికీ చెప్పండి. గంటసేపు మరిగిన చేప రసాన్ని ఆవకాయ ఒక్క చుక్కతో కప్పేస్తుంది, వండినవాళ్ల కష్టం కనబడదు. తర్వాత కూడా చప్పగా అనిపిస్తే నిమ్మకాయ పిండుకోండి, లేదా అలియోలి అడగండి. వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి చిలికిన ఆ ముద్ద చేప రసంతో వండిన అన్నానికి బాగా నప్పుతుంది, మన నాలుకకి కావాల్సిన ఘాటు కొంత దొరుకుతుంది.

ధర అన్నానికి మనిషి లెక్కన రాస్తారు, ఎక్కువచోట్ల 15 నుంచి 25 యూరోల మధ్య. బల్ల మీద పెట్టే రొట్టెకి వేరే డబ్బు ఉండొచ్చు, వద్దంటే తీసేస్తారు. మంచినీళ్లు 2022 నాటి చట్టం ప్రకారం కుళాయి నీళ్లయితే ఉచితంగా ఇవ్వాలి, "అగ్వా దెల్ గ్రీఫో" అని అడగండి. టిప్ తప్పనిసరి కాదు, నచ్చితే కొంత వదలండి.

చోటు విషయానికొస్తే, మల్వర్రోసా బీచ్ దగ్గర కాసా కార్మెలా పాతది, 1922 నుంచి ఉంది, నారింజ కట్టెల మంట మీద వండుతారు, కానీ చిన్నదీ కాదు, చవకా కాదు. మీ నాన్నగారు వరి పండించిన మనిషి అని రాశారు కాబట్టి మిమ్మల్ని నేను ఎల్ పాల్మార్ పంపుతాను. ఊరికి దక్షిణంగా అల్బుఫేరా అనే మంచినీటి సరస్సు ఉంది, చుట్టూ వరిపొలాలు, మధ్యలో ఒకప్పుడు దీవిగా ఉన్న జాలర్ల పల్లె అది. వాలెన్సియా సిటీ బస్సు వెళ్తుంది. వీధి పొడుగునా చిన్న చిన్న అన్నం రెస్టారెంట్లే. 1986 నుంచి ఆ ప్రాంతమంతా రక్షిత సహజ ఉద్యానం.

సెప్టెంబరు అక్కడ కోతల కాలం. మే నెలలో నీళ్లు పెట్టిన మళ్లలో మొలకెత్తించిన విత్తనాలు వెదజల్లుతారు, ఇప్పుడు నాట్లు వేయడం దాదాపు లేదు. కోతకి ముందు మళ్లు ఆరబెడతారు, హార్వెస్టర్లు దిగుతాయి. కోతలయ్యాక చలికాలంలో మళ్లీ నీళ్లు వదిలితే వేలాది పక్షులు వాలతాయి. సాగునీటి పంపకానికి వాలెన్సియాలో శతాబ్దాలనాటి రైతుల న్యాయస్థానం ఒకటుంది. నగరం చుట్టూ ఉన్న తోటల కాలవల తగాదాలు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి కెథడ్రల్ గుమ్మం ముందు, కాగితం లేకుండా, నోటిమాటతోనే తీరుస్తారు. 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కాలవ నీళ్ల తగాదాలు తెలిసిన మనిషికి అది చూపించకుండా తీసుకెళ్లకండి. గురువారం అది చూసి, మర్నాడు శుక్రవారం ఎల్ పాల్మార్‌లో భోజనం పెట్టుకుంటే రెండూ కుదురుతాయి. భోజనం అయ్యాక సరస్సులో పడవ ఎక్కిస్తారు. ఎండ తగ్గేదాకా ఆగండి, దోమల మందు దగ్గరుంచుకోండి.

తీపి కోసం అక్కడే ఆగక్కర్లేదు. ఊరికి ఉత్తరాన అల్బొరాయాలో ఓర్చాతా తాగించండి. చూఫా అనే చిన్న దుంపల్ని నానబెట్టి రుబ్బి తీసిన పాలు, చల్లగా ఇస్తారు. పాలు, గుడ్డు ఏమీ పడవు కాబట్టి మీ ఆవిడకి నిశ్చింత. చక్కెర మాత్రం బాగా ఉంటుంది, నాన్నగారికి "సిన్ అసూకార్", చక్కెర లేనిది, దొరుకుతుందేమో అడగండి.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఎల్ పాల్మార్‌లో ఆ వారం ఎవరికి సెలవు, ఎవరు కూరగాయల రసం విడిగా పెడతారు అన్నది నేను ఫోన్ చేసి కనుక్కుని చెబుతాను.